పిసరుకు జబ్బు చేసినప్పుడు

ఊరికి ఎడంగా, పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ పక్కన ఒక దొడ్డి ఉండేది. అందులో పశువుల కొట్టం, కొట్టాన్ని ఆనుకుని రాతిగోడల కోళ్ళగూడు. గూటి వెనక పేడనీళ్ళు దిగే గుంట, గుంట వెనక కంది చేను, చేను దాటితే సరుగుడు తోపు. నక్క భద్రయ్య కాపురం ఆ తోపులోనే. అందుకని దొడ్డిలో ఎవరు నీళ్ళు తాగుతున్నా, మేత మేస్తున్నా ఒక కన్ను తోపు వైపే ఉండేది.

కోళ్ళగూడు గుమ్మానికి అడ్డంగా నల్లమ్మ అనే కుక్క పడుకునేది. ఆమె అక్కడ ఉన్నంతకాలం భద్రయ్య చేను గట్టు దాటి వచ్చే సాహసం చేయలేదు.

ఆ చలికాలం నల్లమ్మ పిల్లల్ని పెట్టింది. వాటికి నడక రాగానే ఊళ్ళోవాళ్ళు తలా ఒకదాన్ని పట్టుకుపోయారు. ఆమెకు పాలు ఇంకా ఆగలేదు. అదే సమయంలో గడ్డివాములో ఉండే పిల్లి ట్రాక్టరు కింద పడి చచ్చిపోయింది. వాములో బూడిదరంగు పిల్ల ఒకటి మిగిలింది. అది అరుస్తూ ఉంటే నల్లమ్మ పొద్దుటినుంచీ వాము చుట్టూ తిరిగింది. తిరిగి తిరిగి చివరికి దాన్ని మెడ పట్టుకుని తెచ్చి పొట్ట దగ్గర పడేసుకుంది. పిసరంత ఉంది కదా అని దానికి పిసరు అని పేరు పెట్టింది.

దొడ్డిలో ఎవరికీ ఇది నచ్చలేదు.

"కుక్క పిల్లిని పెంచడమేంటి?" అని మేక చుక్కమ్మ గొణిగింది. "కాస్త కండ పట్టేదాకా ఆగి మింగేస్తుందేమో."

"మింగితే నాకు బాధే లేదు," అంది సవలమ్మ. ఆమె కోళ్ళన్నిటికీ పెద్దది, అప్పుడే పొదిగి లేచిన పిల్లల తల్లి. "మింగకుండా పెంచుతుందేమోనని నా భయం."

సవలమ్మ మాట దాచుకునే రకం కాదు. నేరుగా నల్లమ్మ దగ్గరికి పోయి నిలబడింది.

"వదినా, ఈ పిల్ల నాకు ఇష్టం లేదు. రేపు దీనికి గోళ్ళొస్తాయి. అప్పుడు నా పిల్లల వైపు చూస్తుంది."

"చూడనివ్వను," అంది నల్లమ్మ.

"నువ్వు నిద్రపోవా?"

నల్లమ్మ పళ్ళు చూపించింది. సవలమ్మ రెక్కలు విదిలించుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ నల్లమ్మ ఒంటికన్నుతోనే నిద్రపోయేది. ఆ తెరిచిన కన్ను తోపు మీద కాదు, సవలమ్మ మీద ఉండేది.

అంతలో పిసరుకు జబ్బు చేసింది. ముందు విరేచనాలు పట్టుకున్నాయి. తర్వాత కళ్ళకు పుసి కట్టి రెప్పలు అతుక్కుపోయాయి. పాలు నోటికి అందించినా చప్పరించడం మానేసింది. అరుపు కూడా లేదు. నల్లమ్మ నాకినప్పుడల్లా పిల్ల ఒళ్ళు చల్లగా తగులుతుంటే ఆమె ఇంకా గట్టిగా నాకేది. తిండి మానేసి దాని పక్కనే కూర్చోవడంతో ఆమె పాలు కూడా ఇంకిపోయాయి.

ఆ రోజుల్లో బ్యారన్ మండిస్తున్నారు. రైతు ఇంటిల్లిపాదీ ఆకు కట్టడంలోనూ, పొయ్యి దగ్గర కాపలాలోనూ ఉన్నారు. పిల్లిపిల్ల సంగతి చూసే తీరిక ఎవరికీ లేదు.

చుక్కమ్మ అప్పుడు పాడి మీద ఉంది. పొదుగు నిండి పాలు వాటంతటవే కారుతుంటే ఒక కొబ్బరి చిప్ప మీదుగా నిలబడి అందులో పట్టి తెచ్చింది.

"అక్కా, నాలుకతో ముంచి చుక్కచుక్కగా దాని నోట్లో వెయ్యి. నా పాలు పలచన, అరుగుతాయి."

నల్లమ్మ ఆ చిప్పను చాలాసేపు వాసన చూసింది. "మొన్న నేను దీన్ని మింగేస్తానన్నావుగా," అంది.

"అన్నాను. నీ గురించి నాకేం తెలుసు అప్పుడు? ఇప్పుడు నీ మొహం చూస్తుంటే తెలుస్తోంది."

నల్లమ్మ నాలుక ముంచి పిల్ల పెదాల మీద రాసింది. పిసరు గొంతు ఒకసారి కదిలింది. అంతకుమించి ఏమీ జరగలేదు.

మర్నాడు మధ్యాహ్నం, పశువులు మేతకు వెళ్ళిన సమయంలో, గట్టు మీద కంది మొక్కలు కదిలాయి. భద్రయ్య తల బయటపెట్టాడు. నల్లమ్మ లేచి గుర్రుమంది.

"కూర్చో చెల్లెమ్మా, గట్టు దాటను," అన్నాడు భద్రయ్య. "నిన్నటినుంచీ గాలి ఇటునుంచి వీస్తోంది. జబ్బు వాసన వచ్చింది. మా అమ్మ వైపు వాళ్ళంతా ఆకుపసరు వైద్యం చేసేవాళ్ళు. చూస్తూ ఊరుకోలేక వచ్చాను."

"నీ వైద్యం నాకు అక్కర్లేదు."

"సరే. ఒక్క మాట చెప్పి పోతాను. బాగున్న పిల్ల ఉన్నట్టుండి పడిపోయిందంటే కారణం ఉంటుంది. ఈ పిల్ల పెద్దదైతే ఎవరికి నష్టం? ఆలోచించుకో."

నల్లమ్మ పిల్ల వైపు చూసింది.

"పిల్ల తాగే నీళ్ళలో ఎవరు ముక్కు పెడుతున్నారో చూశావా? పాలు తెస్తున్నారు కొందరు. ఎందుకు తెస్తున్నారు? నేను చెడ్డవాణ్ణని లోకమంతటికీ తెలుసు. వాళ్ళు మంచివాళ్ళని ఎవరు చెప్పారు నీకు?"

ఆ మాట నల్లమ్మ లోపలికి దిగింది. భద్రయ్య గొంతు ఇంకా తగ్గించాడు.

"చలిగాలికి పిల్ల తట్టుకోవాలి. నువ్వెక్కడ పడుకుంటున్నావు?"

"గూటి గుమ్మం దగ్గరే."

"ఆ గుమ్మానికి తడిక ఏమైనా అడ్డం పెడతారా, గాలి దూరకుండా?"

"ఈ బ్యారన్ పనిలో పడి మర్చిపోతున్నారు."

"అయ్యో. సాయంత్రం పూట ఇంట్లో మగవాళ్ళు కూడా ఉండరా, కాస్త గోనె కప్పడానికైనా?"

"అందరూ పొయ్యి దగ్గరే."

"పాపం," అన్నాడు భద్రయ్య. "రేపు వచ్చి నాడి చూస్తాను. ఈలోగా ఎవర్నీ దగ్గరికి రానీకు."

సాయంత్రం చుక్కమ్మ చిప్పతో వస్తే నల్లమ్మ దాన్ని తన్ని పారబోసింది. నీళ్ళ తొట్టి వైపు నడుస్తున్న సవలమ్మ మీదికి ఉరికింది. కోళ్ళన్నీ కకావికలై దొడ్డి మూల ఉన్న బండి పాక ఎక్కాయి. కొట్టంలో ఎవరితోనూ ఎవరికీ మాటల్లేకుండా పోయింది. తన పాలు పారబోసినందుకు చుక్కమ్మకు కోపం. తన మీద నల్లమ్మకు చుక్కమ్మే ఏదో చెప్పి ఉంటుందని సవలమ్మకు అనుమానం. పొద్దున్నే పిసరును చూస్తే మెడ నిలపడం లేదు.

దొడ్డిలో మైలయ్య అనే ముసలి ఎద్దు ఉంది. బండి లాగడం మానేసి చాలా కాలమైంది. అందుకే అతన్ని కట్టడం కూడా మానేశారు. అతను నిదానంగా నడిచివచ్చి నల్లమ్మకు కాస్త దూరంలో పడుకున్నాడు.

"అమ్మాయ్, నిన్న నక్క వచ్చాడట కదా. ఏమడిగాడు?"

"నువ్వెందుకు అడుగుతున్నావు మావయ్యా?"

"నన్ను కూడా అనుమానించు, పర్లేదు. అడిగినదానికి మాత్రం చెప్పు."

నల్లమ్మ చెప్పింది. మైలయ్య నెమరు వేస్తూ అంతా విన్నాడు.

"విరేచనం ఏ రంగులో అవుతోందని అడిగాడా?"

"లేదు."

"ఎప్పటినుంచీ తాగడం లేదని?"

"లేదు."

"పిల్ల పేరైనా అడిగాడా?"

నల్లమ్మ నేల వైపు చూసింది. "గుమ్మం సంగతి అడిగాడు," అంది. "తడిక సంగతి. మగవాళ్ళ సంగతి."

"నాకు తెలిసింది అంతే," అన్నాడు మైలయ్య. "వాడు నిజంగా వైద్యుడేనేమో, నేను కాదనను. మధ్యాహ్నం వస్తాడుగా. పరీక్షించి చూడు. గోనెపట్టా కింద సొరకాయ పెట్టి, ఇదే పిల్ల అని చెప్పు."

"అప్పటిదాకా పిల్లను ఎక్కడ పెట్టను?"

"పిల్ల చల్లబడిపోయింది. వెచ్చగా పొదవడం తెలిసినవాళ్ళ దగ్గర పెట్టాలి."

అతను ఎవర్ని అంటున్నాడో నల్లమ్మకు తెలుసు. ఆమె వీపు మీద వెంట్రుకలు లేచాయి.

"ఆమెకు నా పిల్లంటే ఇష్టం లేదు మావయ్యా. నా మొహం మీదే చెప్పింది."

"అవును. నీ మొహం మీదే చెప్పింది," అన్నాడు మైలయ్య.

నల్లమ్మ పిల్ల మీదికి వంగి చెవి పెట్టింది. పిసరు ఊపిరి ఒకసారి తీసుకున్నాక మరోసారి తీసుకోవడానికి ఆలస్యం అవుతోంది. ఆమె లేచి, పిల్లను నోట కరుచుకుని, బండి పాక కిందికి వెళ్ళింది. సవలమ్మ తన పిల్లల్ని రెక్కల వెనక్కి నెట్టుకుని ఎదురు నిలబడింది.

"మీద పడ్డానికి వచ్చావా మళ్ళీ?"

నల్లమ్మ పిల్లను గడ్డి మీద దించింది. "నువ్వు దీన్ని చంపాలనుకుంటే ఇంతకన్నా తేలికైన రోజు నీకు దొరకదు," అంది. "చంపకపోతే, కాసేపు రెక్క కింద పెట్టుకో."

సవలమ్మ పిసరును అటునుంచీ ఇటునుంచీ చూసింది. పుసి కట్టిన కళ్ళు, ఎండిన ముక్కు, వెనక కాళ్ళకు అంటుకున్న మలం. "ఎంత కంపు కొడుతోందో," అని గొణిగింది. తర్వాత పొట్ట ఈకలు విప్పి, మెల్లగా దాని మీద దిగింది. "వెళ్ళు వదినా. నువ్వు ఇక్కడ నిలబడి నన్ను గుడ్లురిమి చూస్తుంటే నాకు కుదురుగా ఉండదు."

నల్లమ్మ వెళ్ళింది గానీ, నాలుగడుగులు వేసి వెనక్కి చూసింది. మళ్ళీ నాలుగడుగులు వేసి మళ్ళీ చూసింది.

మధ్యాహ్నం భద్రయ్య ఈసారి గట్టు దాటి వచ్చాడు. గుమ్మం పక్కన గోనెపట్టా ఉబ్బెత్తుగా ఉంది.

"దానికి వెలుతురు పడట్లేదు అన్నా," అంది నల్లమ్మ. "పట్టా తియ్యకుండా చూడగలవా?"

"మాకు తియ్యక్కర్లేదు చెల్లెమ్మా." అతను పాదం పట్టా మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చలికి పట్టా కింది సొరకాయ రాయిలా చల్లబడి ఉంది. "ఒళ్ళు కాలిపోతోంది," అన్నాడు. "నాడి పరుగెత్తుతోంది. లోపల విషం తిరుగుతోంది. ఎవరో పెట్టిందే, సందేహం లేదు."

నల్లమ్మకు నోట్లో పళ్ళు దురద పెట్టాయి. తల వంచుకుని కూర్చుంది. "మరి మందు?"

"ఉంది. గుట్ట మీద పెద్ద రాయి నీడన ముళ్ళ ఆకు ఒకటి మొలుస్తుంది. ఇవాళే, పొద్దు గుంకేటప్పుడు తుంచాలి. పాలిచ్చిన తల్లి నోటితో తుంచితేనే పనిచేస్తుంది. నన్ను తెమ్మంటే నేను తెచ్చేవాణ్ణే, ఏం చేస్తాం."

"గుట్టకు పోయి రావాలంటే చీకటి పడుతుంది. పిల్లను ఎవరు చూస్తారు?"

"ఇక్కడే ఉంచు. పక్కకు తియ్యొద్దు, గాలి మారితే ప్రమాదం. నేను గట్టు మీదనుంచి కనిపెట్టుకుని ఉంటాను."

"నీ మేలు మర్చిపోను," అంది నల్లమ్మ.

భద్రయ్య వెళ్ళాక ఆమె పట్టా ఎత్తి సొరకాయను ఒక్క కొరుకు కొరికింది. అప్పుడు గానీ ఆమెకు ఊపిరి ఆడలేదు. తర్వాత తిన్నగా చుక్కమ్మ దగ్గరికి పోయి నిలబడింది. ఖాళీ కొబ్బరి చిప్పను ముక్కుతో ఆమె వైపు తోసింది.

"తన్నేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?" అంది చుక్కమ్మ. అని, చిప్ప మీదుగా వచ్చి నిలబడింది.

నల్లమ్మ నాలుక ముంచి, సవలమ్మ రెక్క పక్కకు తీస్తే, పిల్ల నోట్లో చుక్క విడిచింది. పిసరు ఒళ్ళు వెచ్చబడింది. చుక్క దిగింది. ఇంకో చుక్క దిగింది. కక్కుతుందేమోనని ముగ్గురూ దాని వైపే చూస్తూ కూర్చున్నారు. కక్కలేదు.

"ఎక్కువ పట్టకు," అంది సవలమ్మ. "కొంచెం ఆగి మళ్ళీ పడదాం. నేనిక్కడే ఉంటాను."

పొద్దు వాలింది. కోళ్ళు ఆ పూట గూట్లోకి పోలేదు. సవలమ్మ చెప్పినట్టే చడీచప్పుడు లేకుండా బండి పాక వాసాల మీదికి ఎక్కాయి. పిల్లలు, పిసరు సవలమ్మ కింద ఒకచోటే ఉన్నాయి. నల్లమ్మ అందరికీ కనబడేలా గేటు దాటి గుట్ట దారి పట్టింది. బ్యారన్ మూల తిరిగాక, గోడ వెంట నక్కి వెనక్కి వచ్చి చొప్ప మోపుల మధ్య పడుకుంది.

భద్రయ్య ఎంతోసేపు ఆగలేదు. గట్టు దిగి, గోనెపట్టా వైపు కనీసం తల కూడా తిప్పకుండా, నేరుగా గూటి గుమ్మంలో దూరాడు.

లోపల చీకటి. ఈకల వాసన ఉంది గానీ ఈకలున్నవాళ్ళు లేరు. అతను మూలమూలా వెతుకుతుంటే గుమ్మంలో ఉన్న కాస్త వెలుతురూ పోయింది. తిరిగి చూస్తే మైలయ్య వెనక భాగం గుమ్మాన్ని పూర్తిగా మూసేసి ఉంది.

"మావయ్యా," అన్నాడు భద్రయ్య లోపలినుంచి. "పిల్ల కోసం వెచ్చని చోటు చూద్దామని వచ్చాను. కాస్త జరుగు."

"ముసలివాణ్ణి, జరగడం ఆలస్యం అవుతుంది," అన్నాడు మైలయ్య. "పిల్ల పేరేంటో చెప్పు, ఈలోగా."

లోపల గోళ్ళు రాతిగోడను గీకిన చప్పుడు వినబడింది.

"అన్నా, ఆకు తెచ్చాను," అని నల్లమ్మ గొంతు గుమ్మం పక్కనే వినబడింది. "నువ్వే కొరికి రుచి చూడాలి."

ఆ గూటికి వెనక గోడలో కంత ఒకటి ఉంది. రెట్ట ఊడ్చి బయటి గుంటలోకి తోయడానికి పెట్టింది. భద్రయ్యకు అది కనబడింది గానీ, అది దేనికి పెట్టిందో ఆలోచించే తీరిక లేకపోయింది. తల దూర్చాడు, భుజాలు దూర్చాడు, నడుము దగ్గర ఇరుక్కుని గింజుకున్నాడు. ఊడి బయటపడేసరికి తిన్నగా పేడనీళ్ళ గుంటలో చెవులదాకా మునిగాడు.

నల్లమ్మ చుట్టూ తిరిగి వచ్చి గుంట ఒడ్డున నిలబడింది. భద్రయ్య ఒడ్డు పట్టుకుని పైకి రాబోతే పళ్ళు చూపించింది. అతను మళ్ళీ లోపలికి జారాడు. అటు పక్కకు ఈదితే ఆమె అటు వచ్చింది.

"చెల్లెమ్మా, నీ పిల్లకు నేనేం చెయ్యలేదు," అన్నాడు.

"అవును," అంది నల్లమ్మ. "దానికి పాలు పట్టేవాళ్ళను నాచేత తరిమించావు. ఒక పూటంతా దాని నోట్లో చుక్క పడలేదు."

ఆమె దూకడానికి కాళ్ళు మడిచింది. సరిగ్గా అప్పుడే బండి పాక వైపునుంచి సన్నటి, బొంగురు పిల్లికూత వినబడింది. మళ్ళీ వినబడింది. ఎవరో తొక్కినట్టు కాదు, ఆకలేసినట్టు.

నల్లమ్మ చెవులు నిక్కాయి. గుంటలో ఉన్నవాణ్ణి ఒకసారి చూసింది, పాక వైపు ఒకసారి చూసింది. వాణ్ణి అక్కడే వదిలేసి పరుగెత్తింది.

భద్రయ్య ఎలాగో ఒడ్డెక్కి కంది చేలో పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కంపు వదల్లేదు. మంచుకు పేడ బొచ్చులోనే అట్టకట్టింది. ఎటు వేటకు పోయినా అతనికన్నా ముందు ఆ వాసన చేరేది. ఎలుకలు కూడా నింపాదిగా కలుగుల్లోకి పోయేవి. చివరికి తోపు వదిలి ఏటి అవతలికి కాపురం మార్చుకున్నాడని, మేతకు పోయి వచ్చిన పశువులు చెప్పాయి.

పిసరు వెంటనే కోలుకోలేదు. ఒకరోజు తాగేది, ఒకరోజు మొహం తిప్పేసేది. ఒక కన్ను బాగా విచ్చుకుంది, రెండో దాని మీద తెల్లటి పొర ఉండిపోయింది. నల్లమ్మ అలిసి నిద్రపోతే సవలమ్మ పొదిగేది, సవలమ్మ మేతకు పోతే నల్లమ్మ నాకేది. చుక్కమ్మ తెచ్చిన ప్రతి చిప్పనూ నల్లమ్మ ఇప్పటికీ ముందు వాసన చూస్తుంది. చుక్కమ్మ ఏమీ అనుకోదు. "చూసుకో అక్కా, చూసుకున్నాకే పట్టు," అంటుంది. పిసరు సవలమ్మ పిల్లల మధ్య కూర్చున్నప్పుడు సవలమ్మ కూడా దాని గోళ్ళ వైపు ఒక చూపు వేస్తూనే ఉంటుంది. నల్లమ్మా ఏమీ అనుకోదు.

అనుమానించక తప్పనప్పుడు, మొహం మీద కటువుగా మాట్లాడినవాళ్ళకన్నా ముందు, జబ్బు సంగతి అడగకుండానే మందు చెప్పినవాణ్ణి అనుమానించాలి.